కంప్యూటర్ దానంతటదే లాక్ కావాలంటే కంపెనీ యాప్ వాడాలా, విండోస్ సెట్టింగ్ సరిపోతుందా?

కొత్త లాప్‌టాప్ కొన్నవాళ్లకు మొదటి వారంలోనే ఈ చిక్కు ఎదురవుతుంది. లెనోవోలో వాంటేజ్, డెల్‌లో ఆప్టిమైజర్, హెచ్‌పీలో మైహెచ్‌పీ, ఆసుస్‌లో మైఆసుస్ అనే యాప్ ముందే వేసి ఉంటుంది. ఖరీదైన మోడళ్లలో ఆ యాప్ లోపల, మనిషి లేచి వెళ్తే స్క్రీన్ లాక్ చేసే సదుపాయం కనిపిస్తుంది. విండోస్ సెట్టింగ్స్‌లోనూ అదే పని చేసేవి రెండు మూడు ఉన్నాయి. ఎందుకైనా మంచిదని అన్నీ ఆన్ చేస్తారు. ఇక అక్కడి నుంచి మనిషి ఎదురుగా కూర్చుని బిల్లు చదువుతుండగానే స్క్రీన్ ఆరిపోతుంది. లేచి కాటా దగ్గరికి వెళ్తే మాత్రం వెలుగుతూనే ఉంటుంది. విసుగొచ్చి అన్నీ తీసేస్తారు. అసలు ప్రమాదం అప్పుడు మొదలవుతుంది.

మా సలహా ముందే చెప్పేస్తాం. ఇంత సమయం ఎవరూ ముట్టుకోకపోతే లాక్ కావాలనే టైమర్‌ను ఎప్పుడూ ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే పెట్టండి. దాన్ని ఏ యాప్‌కూ అప్పగించవద్దు. ఆ పైన, లేచి వెళ్లగానే లాక్ అయ్యే ఏర్పాటు కూడా కావాలనుకుంటే ఒక్కటే పెట్టండి. అది విండోస్‌ది కావచ్చు, కంపెనీది కావచ్చు, రెండూ మాత్రం వద్దు. ఆ ఒక్కటి ఏదన్నది మీ బల్ల ఎక్కడుంది, ఆ కుర్చీలో ఎంతమంది కూర్చుంటారు అన్న దాన్ని బట్టి తేలుతుంది.

ఏది దేన్ని గమనిస్తుంది

మూడు రకాల లాక్‌లున్నాయి. టైమర్ మీ చేతుల్ని గమనిస్తుంది, అంటే కీబోర్డు, మౌస్ కదులుతున్నాయా లేదా అన్నదే దానికి తెలుసు. విండోస్‌లోని డైనమిక్ లాక్ మీ ఫోన్‌ను గమనిస్తుంది. ఫోన్ బ్లూటూత్ సిగ్నల్ బలహీనపడితే మీరు వెళ్లిపోయారనుకుంటుంది. మూడోది ప్రెజెన్స్ సెన్సర్. లాప్‌టాప్ పై అంచులో, కెమెరా పక్కన ఉండే ఈ సెన్సర్ ఎదురుగా ఒక శరీరం ఉందా లేదా అని చూస్తుంది. కంపెనీ యాప్‌లు ఎక్కువగా ఆధారపడేది దీని మీదే.

ఆ మూడో దానిలో పెద్ద లోటు ఒకటుంది. కుర్చీలో ఎవరో ఒకరు ఉన్నారని మాత్రమే దానికి తెలుస్తుంది, అది మీరేనా అన్నది తెలియదు. భీమవరం వైపు రొయ్యలు కొనే ఆఫీసు ఒకటి ఊహించుకోండి. గుమస్తా ఐసు పెట్టెల దగ్గరికి లేచాడు. ఖాళీ కుర్చీ కనిపించగానే వచ్చిన ఏజెంటు ఒకాయన అందులో కూర్చున్నాడు. తెర మీద ఏ రైతుకు ఏ కౌంటుకు, అంటే కిలోకు ఎన్ని తూగే రొయ్యలకు, ఎంత రేటు కట్టారో మొత్తం జాబితా ఉంది. సెన్సర్ లెక్కలో కుర్చీ ఖాళీ కానేలేదు, కాబట్టి లాక్ పడదు. గిరాకీ కూర్చునే చోటుకూ మీ కుర్చీకీ మధ్య అడ్డం లేని ఆఫీసుల్లో ప్రెజెన్స్ సెన్సర్‌ను ఒక్కదాన్నే నమ్ముకోకూడదనడానికి కారణం ఇదే.

లాక్, స్క్రీన్ ఆఫ్, స్లీప్ ఒకటి కావు

లాక్ అంటే లోపల పనులన్నీ సాగుతూనే ఉంటాయి, పాస్‌వర్డ్ లేకుండా తెర మాత్రం తెరుచుకోదు. ప్రింటు పడుతూనే ఉంటుంది, డౌన్‌లోడ్ ఆగదు. స్లీప్ అంటే మెషీన్ నిద్రపోతుంది, పనులు ఆగిపోతాయి. మిల్లులోనో ఎరువుల షాపులోనో ట్యాలీ డేటా ఒకే కంప్యూటర్‌లో ఉండి, మిగతా కంప్యూటర్లు నెట్‌వర్క్ మీద దాన్ని వాడుతుంటే, ఆ ప్రధాన కంప్యూటర్ స్లీప్‌లోకి వెళ్లిన మరుక్షణం అందరి పనీ ఆగుతుంది. అలాంటి మెషీన్‌లో కరెంటు మీద ఉన్నప్పుడు స్లీప్‌ను నెవర్ అని పెట్టి, లాక్‌ను మాత్రం ఆన్‌లో ఉంచాలి.

ఇక స్క్రీన్ ఆఫ్. చాలామంది పొరబడేది ఇక్కడే. పాత డెస్క్‌టాప్‌లలో తెర నల్లబడినంత మాత్రాన లాక్ పడినట్టు కాదు. మౌస్ కదిపితే నేరుగా డెస్క్‌టాప్ వచ్చేస్తుంది. కొత్త లాప్‌టాప్‌లలో చాలావాటికి మోడర్న్ స్టాండ్‌బై అనే పద్ధతి ఉంటుంది. వాటిలో తెర ఆగిన తర్వాత ఎంతసేపటికి పాస్‌వర్డ్ అడగాలో నిర్ణయించుకోవచ్చు. మీది ఏ రకమో తెలుసుకోవాలంటే స్టార్ట్‌లో వెతికి కమాండ్ ప్రాంప్ట్ అనే, ఆజ్ఞలు టైప్ చేసే కిటికీ తెరిచి, ఇంగ్లీషు అక్షరాల్లో పవర్‌సీఎఫ్‌జీ (powercfg) అని కొట్టి, ఒక స్పేస్ ఇచ్చి, స్లాష్, ఏ అని టైప్ చేయండి. అందుబాటులో ఉన్న స్లీప్ స్థితుల్లో ఎస్0 అని కనిపిస్తే మోడర్న్ స్టాండ్‌బై, ఎస్3 కనిపిస్తే పాత పద్ధతి.

మొదలుపెట్టే ముందు

పాస్‌వర్డ్ లేని అకౌంట్‌కు లాక్ వేసి ప్రయోజనం లేదు, ఎంటర్ కొడితే తెరుచుకుంటుంది. సెట్టింగ్స్ → అకౌంట్స్ → సైన్-ఇన్ ఆప్షన్స్‌లో ముందు పిన్ పెట్టండి. నాలుగు అంకెలు చాలని విండోస్ అన్నా ఆరు పెట్టండి. బండి నంబరు, ఫోన్ నంబరు చివరి అంకెలు వద్దు, బెంచీ మీద కూర్చున్నవాళ్లు మొదట ఊహించేవి అవే. వేలిముద్ర రీడర్ ఉంటే అదీ పెట్టుకోండి, కానీ ఐసులో, నీళ్లలో చేతులు పెట్టే పనివాళ్లకు అది తరచూ మొండికేస్తుంది. అందుకని ఎలాగూ పిన్ గుర్తుండాలి.

ముగ్గురు వాడే మెషీన్‌కు ముగ్గురి పేర్ల మీద మూడు అకౌంట్లు చేయండి. ఒకే అకౌంట్, ఒకే పిన్ అందరికీ తెలిస్తే ఆ లాక్ బయటివాళ్లను ఆపుతుందేమోగాని, ఎంట్రీ ఎవరు మార్చారన్నది ఎప్పటికీ తేలదు.

గోదావరి జిల్లాల్లో తప్పకుండా చూడాల్సింది ఇంకొకటుంది, ఆటోమేటిక్ సైన్-ఇన్. కంప్యూటర్ వేసిన వ్యక్తి సౌకర్యం కోసం పాస్‌వర్డ్ అడగకుండా నేరుగా డెస్క్‌టాప్ వచ్చేలా చేసి వెళ్తాడు. విండోస్ కంటే ముందు నడిచే బయాస్ అనే ప్రోగ్రాంలో, కరెంటు తిరిగి రాగానే మెషీన్ ఆన్ అయ్యే సెట్టింగ్ కూడా ఉంటుంది. ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో చూడండి. తుఫాను రోజుల్లో కరెంటు పోయి, యూపీఎస్ బ్యాటరీ అయిపోయి, అందరూ ఇళ్లకు వెళ్లాక రాత్రి ఎప్పుడో కరెంటు వస్తుంది. మెషీన్ దానంతటదే లేచి, ఎవరూ లేని గదిలో తెరిచిన డెస్క్‌టాప్‌తో నిలబడుతుంది. పరీక్షించడం తేలికే, ఒకసారి రీస్టార్ట్ చేయండి. పిన్ అడగకుండా లోపలికి వెళ్లిందంటే, కంప్యూటర్ వేసిన మనిషిని పిలిచి ముందు ఆ ఆటో సైన్-ఇన్ తీయించండి. మిగతా పనంతా దాని తర్వాతే.

మొదటి పొర: విండోస్ టైమర్

ఇది విండోస్ 10, 11 రెండింటిలోనూ, హోమ్ ఎడిషన్‌లోనూ పనిచేస్తుంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. పాత మెషీన్ ఇంకా దాని మీదే ఉంటే, బ్యాంకు పనులు అందులో చేయకుండా ఉండడం మంచిది.

1. సెట్టింగ్స్ → పర్సనలైజేషన్ → లాక్ స్క్రీన్‌కు వెళ్లి, అడుగున ఉన్న స్క్రీన్ సేవర్ నొక్కండి.

2. జాబితాలో బ్లాంక్ ఎంచుకోండి. బుడగలు, రిబ్బన్లు అనవసరం. నన్ అని మాత్రం వదలకండి.

3. వెయిట్ దగ్గర నిమిషాలు వేయండి. గిరాకీ నిలబడే కౌంటర్‌కు 2, లోపలి గదికి 5, ఇంట్లో ఒక్కరే వాడే లాప్‌టాప్‌కు 10. కార్డు చెల్లింపుల భద్రతా ప్రమాణం పీసీఐ డీఎస్ఎస్ కూడా 15 నిమిషాలకు మించి కదలిక లేకపోతే మళ్లీ పాస్‌వర్డ్ అడగాలంటుంది. ఆ 15 పైహద్దు అనుకోండి.

4. పక్కనే ఉన్న ఆన్ రెజ్యూమ్, డిస్‌ప్లే లాగాన్ స్క్రీన్ అనే గడిలో టిక్ పెట్టండి. ఇది లేకపోతే తెర నల్లబడుతుందంతే, లాక్ పడదు. ఎక్కువమంది మర్చిపోయేది ఈ టిక్కునే.

5. అప్లయ్ నొక్కి, సెట్టింగ్స్ → సిస్టమ్ → పవర్ విభాగానికి వెళ్లండి. లాప్‌టాప్‌లో ఇది పవర్ అండ్ బ్యాటరీ అని ఉంటుంది. అక్కడ స్క్రీన్ ఆఫ్ సమయం స్క్రీన్ సేవర్ సమయం కంటే ఎక్కువ ఉండేలా చూడండి. సేవర్ 5 నిమిషాలు, స్క్రీన్ ఆఫ్ 3 నిమిషాలు అని పెడితే, పాత డెస్క్‌టాప్‌లో మధ్యలోని ఆ 2 నిమిషాలూ తెర చీకటిగా ఉంటుంది గాని లాక్ పడి ఉండదు. చూసేవాళ్లు లాక్ అయిందనుకుంటారు.

6. లాప్‌టాప్‌లో కరెంటు మీద ఉన్నప్పుడు ఒక స్క్రీన్ ఆఫ్ సమయం, బ్యాటరీ మీద ఇంకొకటి ఉంటాయి. మన దగ్గర కరెంటు పోయి వస్తూ ఉంటుంది కాబట్టి రెండూ చూసి పెట్టండి.

7. సెట్టింగ్స్ → అకౌంట్స్ → సైన్-ఇన్ ఆప్షన్స్‌లో, మీరు దూరంగా వెళ్లి వస్తే ఎప్పుడు మళ్లీ సైన్-ఇన్ అడగాలన్న ప్రశ్న ఉంటుంది. మోడర్న్ స్టాండ్‌బై మెషీన్లలో ఎవ్రీ టైమ్ పెట్టండి. పాతవాటిలో వెన్ పీసీ వేక్స్ అప్ ఫ్రమ్ స్లీప్ ఎంచుకోండి. నెవర్ అని ఉంటే ఇంతవరకూ చేసిన పనిలో సగం వృథా.

విండోస్ ప్రో ఉంటే ఇంకా గట్టి మార్గం ఉంది. స్టార్ట్‌లో లోకల్ సెక్యూరిటీ పాలసీ అని వెతికి తెరవండి. లోకల్ పాలసీస్ → సెక్యూరిటీ ఆప్షన్స్‌లో ఇంటరాక్టివ్ లాగాన్: మెషీన్ ఇనాక్టివిటీ లిమిట్ అనే వరుస ఉంటుంది. అందులో సమయం సెకన్లలో వేయాలి, 5 నిమిషాలకు 300, 15 నిమిషాలకు 900. సున్నా అంటే ఆఫ్. స్క్రీన్ సేవర్ పద్ధతి ఒక్కో అకౌంట్‌కు విడివిడిగా పెట్టాలి. ఇది ఆ మెషీన్‌లో సైన్-ఇన్ అయ్యే అందరికీ ఒకేసారి వర్తిస్తుంది, అడ్మినిస్ట్రేటర్ హక్కు లేని గుమస్తా దీన్ని మార్చలేడు. ముగ్గురు నలుగురు వాడే కౌంటర్ మెషీన్‌కు విండోస్ ప్రో కొనడానికి ఇదొక్కటే చాలినంత కారణమని మా అభిప్రాయం. హోమ్ ఎడిషన్‌లో ఈ పాలసీ కిటికీ ఉండదు.

సచివాలయాల్లోనో, మీసేవ కేంద్రాల్లోనో, బ్యాంకు శాఖల్లోనో ఉన్న మెషీన్లలో ఈ గడులు మసకగా ఉండి, పైన మీ సంస్థ వీటిని నిర్వహిస్తోందన్న వాక్యం కనిపించవచ్చు. దాన్ని దాటే ప్రయత్నం చేయకండి. సమయం మరీ తక్కువో ఎక్కువో అనిపిస్తే పైఆఫీసులో సిస్టమ్స్ చూసేవాళ్లకు చెప్పండి.

రెండో పొరకు విండోస్ దారి: డైనమిక్ లాక్

2017 నుంచి విండోస్‌లో ఉన్న సదుపాయం ఇది. ప్రత్యేక సెన్సర్ అక్కర్లేదు, కంప్యూటర్‌లో బ్లూటూత్ ఉంటే చాలు. సెట్టింగ్స్‌లో బ్లూటూత్ అండ్ డివైజెస్‌కు వెళ్లి యాడ్ డివైజ్ నొక్కి ఫోన్‌ను జత చేయండి. ఆండ్రాయిడ్ అయినా ఐఫోన్ అయినా ఫరవాలేదు. తర్వాత సైన్-ఇన్ ఆప్షన్స్‌లో డైనమిక్ లాక్ కింద ఉన్న గడిలో టిక్ పెట్టండి. ఫోన్ అందకపోతే విండోస్ సెక్యూరిటీ యాప్‌లో అకౌంట్ ప్రొటెక్షన్ దగ్గర హెచ్చరిక చూపిస్తుంది. పనిచేస్తోందా లేదా అన్నది అక్కడే తెలుసుకోవాలి. ఇది లాక్ మాత్రమే చేస్తుంది, తిరిగి రాగానే తెరవదు.

దీని తంటా దూరం. బ్లూటూత్ ఆరుబయట సుమారు 10 మీటర్ల వరకు అందుతుంది. అంత దూరంలో మన షాపుల్లో ఏముంటుందో లెక్కేసుకోండి. కౌంటర్, వెనక గోదాము, ముందు అరుగు, రోడ్డు అవతలి టీ కొట్టు, అన్నీ అందులోనే ఉంటాయి. మీరు గోదాములో కట్టలు లెక్కపెడుతున్నంతసేపూ కంప్యూటర్ దృష్టిలో మీరు పక్కనే ఉన్నట్టు. మందపాటి గోడల పాత మండువా ఇంట్లో ఆఫీసు పెట్టుకున్నవాళ్లకు మాత్రం ఒక గది దాటగానే లాక్ పడవచ్చు. దూరం తగ్గించుకునే మీట సెట్టింగ్స్‌లో లేదు. పైగా సిగ్నల్ పోయాక వెంటనే కాకుండా ఒక నిమిషం అటూ ఇటుగా లాక్ పడుతుంది.

ఇంకొక బలహీనత ఫోనే. కరెంటు రాగానే అందరూ చేసే పని ఫోన్‌ను బల్ల మీద చార్జింగ్‌లో పెట్టడం. ఫోన్ బల్ల మీద, మనిషి కాటా దగ్గర, ఇక డైనమిక్ లాక్ చేసేదేమీ లేదు. ఫోన్ ఎప్పుడూ జేబులోనే ఉండే, పని మీద బ్యాంకుకో జీఎస్టీ ఆఫీసుకో వెళ్లే అకౌంటెంటుకు ఇది చక్కగా సరిపోతుంది. నాలుగడుగుల దూరంలో తిరిగే కౌంటర్ మనిషికి సరిపోదు.

రెండో పొరకు కంపెనీ దారి: ప్రెజెన్స్ సెన్సర్

ముందు మీ మెషీన్‌లో ఆ సెన్సర్ ఉందో లేదో తేల్చుకోండి. విండోస్ 11లో సెట్టింగ్స్ → ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో ప్రెజెన్స్ సెన్సింగ్ అనే వరుస ఉందా చూడండి. తర్వాత కంపెనీ యాప్ తెరవండి. డెల్ ఆప్టిమైజర్‌లో ప్రెజెన్స్ డిటెక్షన్ కింద వాక్ అవే లాక్, లెనోవో వాంటేజ్‌లో జీరో టచ్ లాక్, మైహెచ్‌పీలో ఆటో లాక్ అండ్ అవేక్, మైఆసుస్‌లో అడాప్టివ్‌లాక్ అనే పేర్లతో ఉంటాయి. రెండు చోట్లా ఏమీ కనిపించకపోతే మీ మెషీన్‌లో సెన్సర్ లేనట్టే. తక్కువ ధర లాప్‌టాప్‌లలో చాలావాటికి ఉండదు, ఏ యాప్ డౌన్‌లోడ్ చేసినా రాదు. మామూలు వెబ్‌క్యామ్‌తో మొఖం చూసి లాక్ చేస్తామనే ఊరూ పేరూ లేని యాప్‌లు వేయకండి. భద్రత కోసమని కెమెరాను అపరిచితుల చేతికి ఇచ్చినట్టవుతుంది.

సెన్సర్ ఉంటే ఎలాంటిదో కూడా తెలుసుకోండి. కొన్నింటిలో కంటికి కనపడని పరారుణ కాంతి వదిలి, అది తిరిగొచ్చే సమయాన్ని బట్టి దూరం కొలిచే సెన్సర్ ఉంటుంది. దీనికి చీకటైనా ఫరవాలేదు, బొమ్మ తీయదు. కొన్నింటిలో కెమెరానే తక్కువ కరెంటుతో మనిషి ఉనికిని చూస్తుంది. కెమెరాతో నడిచే రకంలో కెమెరా మీది చిన్న షట్టర్ మూసి ఉంటే అసలు పనిచేయదు. షట్టర్ మూయడం మంచి అలవాటే గాని, దాంతోపాటు లాక్ కూడా ఆగిపోయిందని గమనించరు.

అమర్చే పద్ధతి ఇలా ఉండాలి. ముందుగా కంపెనీ యాప్‌ను, విండోస్‌ను రెండింటినీ అప్‌డేట్ చేయండి. తర్వాత విండోస్‌లోని పవర్ విభాగంలో, స్క్రీన్ అండ్ స్లీప్ కింద, మనిషి వెళ్లగానే తెర ఆపడం, దగ్గరికి రాగానే లేపడం అనే మీటలున్నాయా చూడండి. ఉంటే కంపెనీ యాప్‌లోవి ఆఫ్ చేసి విండోస్‌వే వాడండి. లేకపోతే యాప్‌లోవి ఆన్ చేయండి. ఒకే సెన్సర్‌కు రెండు చోట్ల నుంచి ఆజ్ఞలు వెళ్తే ఒకటి లేపుతుంది, ఇంకొకటి ఆపుతుంది. మొదట చెప్పిన పిచ్చి ప్రవర్తనకు సాధారణ కారణం ఇదే.

విండోస్‌కే ఎందుకు మొగ్గు చూపుతున్నామంటే, మెషీన్ రీసెట్ చేసినా, సర్వీసు సెంటర్‌లో విండోస్ మళ్లీ ఎక్కించినా ఆ సెట్టింగ్ ఎక్కడుందో మీకు తెలుసు. కంపెనీ యాప్ అలా కాదు. వెర్షన్ మారితే మెనూ మారుతుంది, మళ్లీ విండోస్ ఎక్కించినప్పుడు యాప్ వేయడమే మర్చిపోతారు. డెల్ ఒకటి, హెచ్‌పీ ఒకటి, అసెంబుల్ చేసిన డెస్క్‌టాప్ రెండు ఉన్న ఆఫీసులో అయితే ఒక్కో బల్లకు ఒక్కో పద్ధతి నేర్పడం ఎవరి తరమూ కాదు.

అయినా కంపెనీ యాప్ గెలిచే చోట్లున్నాయి. దూరం, లాక్ పడే వేగం విడివిడిగా సర్దుకునే మీటలు కొన్ని మోడళ్ల యాప్‌లలోనే ఉంటాయి. మీ భుజం మీదుగా ఇంకొకరు తెర చూస్తుంటే హెచ్చరించే సదుపాయం డెల్ ఆప్టిమైజర్‌లో కొన్ని మోడళ్లకు ఉంది, ఆన్‌లుకర్ డిటెక్షన్ అని. ఆధార్ కాపీలు, పాసు పుస్తకాలు తెర మీద తెరిచి పనిచేసేవాళ్లకు అది నిజంగా ఉపయోగం. అలాంటి అవసరం ఉంటే యాప్‌నే వాడండి, విండోస్ ప్రెజెన్స్ మీటలు ఆపేయండి. టైమర్‌ను మాత్రం కదపకండి.

చూపు పక్కకు తిప్పితే తెర మసకబారే సదుపాయం మాత్రం మన పనులకు నప్పదు. కాగితం బిల్లు చూస్తూ ఎంట్రీ కొట్టేవాళ్లకు తెర నిమిషానికోసారి మసకబారుతుంది. రెండో మానిటర్ వాడేవాళ్లకూ అంతే. మొదటి రోజే ఆపేయండి.

ఎక్కడ తేడా కొడుతుంది

టైమర్ ఎంతకీ పడకపోతే మొదట మౌస్‌ను అనుమానించండి. మిల్లు నడుస్తుంటే బల్ల సన్నగా అదురుతుంది. మెరిసే సన్మైకా మీద పెట్టిన ఆప్టికల్ మౌస్ ఆ అదురుకే పాయింటర్‌ను వెంట్రుకవాసి జరుపుతుంది. విండోస్ దృష్టిలో అది మనిషి కదలికే, టైమర్ మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. చేయి తీసి తెర వైపు అరనిమిషం చూడండి, బాణం వణుకుతుంటే దొంగ దొరికినట్టే. మందపాటి రబ్బరు మ్యాట్ వేయండి, అప్పటికీ ఆగకపోతే బల్లను గోడ నుంచి జరపండి.

రెండో అనుమానం సీసీ కెమెరా చూపించే సాఫ్ట్‌వేర్. కదిలే వీడియో తెర మీద ఉన్నంతసేపు అలాంటి ప్రోగ్రాములు తెరను ఆపవద్దని విండోస్‌ను అడుగుతాయి, స్క్రీన్ సేవర్ రాదు. యూట్యూబ్‌లో పాటలు పెట్టి వదిలేసినా అంతే. ఎవరు అడ్డుపడుతున్నారో తెలుసుకోవడానికి కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ముందు చెప్పినట్టే పవర్‌సీఎఫ్‌జీ, స్పేస్, స్లాష్ కొట్టి, రిక్వెస్ట్స్ అని టైప్ చేయండి. డిస్‌ప్లే అనే శీర్షిక కింద ఆ ప్రోగ్రాం పేరు వస్తుంది. సీసీ కెమెరాలకు వాటి రికార్డింగ్ పెట్టె డీవీఆర్ నుంచి నేరుగా ఒక పాత మానిటర్ పెట్టుకోండి, లెక్కల కంప్యూటర్‌లో వాటిని చూడొద్దు.

వే బ్రిడ్జి నుంచి బరువు నేరుగా కంప్యూటర్‌లోకి వచ్చే చోట ఆ బరువు పంపే పెట్టె ఏ రకమో చూడండి. సీరియల్ పోర్టు ద్వారా సాఫ్ట్‌వేర్‌కు బరువు పంపే రకం టైమర్‌ను కదపదు. కీబోర్డులాగా అంకెలు టైప్ చేసే రకమైతే, అంకె వచ్చినప్పుడల్లా టైమర్ మొదటికి వస్తుంది.

ప్రెజెన్స్ సెన్సర్ విషయంలో మొదటి శత్రువు తవుడు. పై అంచులో సెన్సర్ ముందుండే చిన్న నల్ల గాజు మీద పొడి పేరుకుంటే, మనిషి ఉన్నా లేడంటుంది, లేకపోయినా ఉన్నాడంటుంది. మెత్తటి పొడిగుడ్డతో వారానికోసారి తుడవండి, నీళ్లు చల్లకండి. లాప్‌టాప్ మూతపెట్టి బయటి మానిటర్‌తో పనిచేసేవాళ్లకు ఆ సెన్సర్ మూత కింద ఉండిపోతుంది కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోవద్దు. మీ వెనక గోడకు ఆనించి గిరాకీ బెంచీ ఉంటే, మీరు లేచాక సెన్సర్‌కు ఆ బెంచీ మీది మనుషులు కనిపించవచ్చు. దూరం సర్దుకునే మీట ఉంటే అన్నిటికంటే దగ్గరది ఎంచుకోండి, లేకపోతే బల్లను పక్కకు తిప్పండి.

డిజిటల్ సంతకం టోకెన్, అంటే సంతకం కోసం యూఎస్‌బీ పోర్టులో పెట్టే పెన్‌డ్రైవ్ లాంటి దాని గురించి ఒక మాట. లాక్ పడితే తెర మీద సంతకం చేయలేరు గాని, టోకెన్‌ను పోర్టులోంచి లాక్కుపోవడానికి పాస్‌వర్డ్ అక్కర్లేదు. లేచేటప్పుడు టోకెన్ జేబులో ఉండాలి. ఏ సెట్టింగూ ఆ పని చేయదు.

మ్యాక్ వాడేవాళ్లకు ఈ తికమక లేదు. యంత్రం, ఆపరేటింగ్ సిస్టమ్ ఒకే కంపెనీవి. సిస్టమ్ సెట్టింగ్స్ → లాక్ స్క్రీన్‌లో, తెర ఆగాక పాస్‌వర్డ్ అడగడం దగ్గర ఇమ్మీడియట్లీ ఎంచుకుంటే చాలు. ఉబుంటులో సెట్టింగ్స్‌లోని ప్రైవసీ విభాగంలో స్క్రీన్ లాక్ ఉంటుంది. స్క్రీన్ బ్లాంక్ అయ్యే సమయం 5 నిమిషాలు పెట్టి, ఆటోమేటిక్ లాక్ ఆన్ చేసి, ఆలస్యాన్ని సున్నాకు దించండి.

పెట్టాక పరీక్షించే తీరు

సెట్టింగ్ పెట్టి వదిలేయకండి. రెండో పొరను కాసేపు ఆపి, టైమర్‌ను ఒక్కదాన్నే ఫోన్ గడియారంతో కొలవండి. 2 నిమిషాలన్నచోట 2 నిమిషాలకే పడాలి, మౌస్ కదిపితే పిన్ అడగాలి. ట్యాలీ తెరిచి ఉంచి ఒకసారి, సీసీ కెమెరా తెర ఉంటే అది ఉంచి ఒకసారి, మిల్లు నడుస్తుండగా ఒకసారి చూడండి. లాప్‌టాప్ అయితే చార్జర్ తీసి మళ్లీ చూడండి.

అది నిలబడ్డాక రెండో పొర ఆన్ చేయండి. డైనమిక్ లాక్ అయితే ఫోన్ జేబులో పెట్టుకుని మీరు మామూలుగా తిరిగే చోట్లకే వెళ్లండి. ఎక్కడ నిలబడితే లాక్ పడుతోందో ఇంకొకరిని చూసి చెప్పమనండి. ప్రెజెన్స్ సెన్సర్ అయితే ముందు కుర్చీలో కదలకుండా 5 నిమిషాలు చదువుతూ కూర్చోండి. లాక్ పడకూడదు. తర్వాత లేచి వెళ్లండి, పడాలి. చివరగా లేచిన వెంటనే ఇంకొకరిని ఆ కుర్చీలో కూర్చోమనండి, మౌస్ ముట్టుకోవద్దని చెప్పండి. సెన్సర్ ఊరుకున్నా, మీరు పెట్టిన నిమిషాలు పూర్తికాగానే టైమర్ లాక్ వేయాలి. వేయకపోతే మొదటి పొర దగ్గర ఆ టిక్కు మళ్లీ చూడండి.

ఉదయం తూర్పు ఎండ షట్టర్‌లోంచి నేరుగా లాప్‌టాప్ మీద పడే షాపుల్లో ఈ పరీక్ష పొద్దున ఒకసారి, దీపాలు వెలిగించాక ఒకసారి చేయాలి. కెమెరా రకం సెన్సర్లు ఎదురెండలో తడబడతాయి. విండోస్ పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు, సర్వీసు నుంచి మెషీన్ తిరిగొచ్చినప్పుడు, కంపెనీ యాప్ కొత్త వెర్షన్ వేసినప్పుడు మళ్లీ చేయండి. వీటి తర్వాత కంపెనీ యాప్ ప్రెజెన్స్ మీటలు వాటంతటవే ఆన్ అయ్యాయేమో ముందు చూడండి. ఇవన్నీ ఉన్నా లేచేటప్పుడు విండోస్ కీ పట్టుకుని ఎల్ నొక్కడం మానవద్దు, అది నొక్కిన క్షణానే లాక్ వేస్తుంది.